గోడ అవతలికి వినిపించిన గొంతు

దయ్యాలంటే నాకు నమ్మకం లేదు. పొద్దంతా మగ్గం గుంతలో కాళ్లు పెట్టుకొని కూర్చునేవాడికి వాటిని నమ్మే తీరిక కూడా ఉండదు. అయినా ఎనభైల చివర నారాయణపేటలో నాకు జరిగింది జరిగినట్టు చెబుతాను.

నా భార్య లక్ష్మమ్మ పోయి అప్పటికి ఏడాది. పిల్లలు లేరు. కిరాయి ఇంట్లో ఒక్కడినే. దానికి తోడు షుగరు. మగ్గం తొక్కేటప్పుడు చెక్క రాసుకొని కాలి బొటనవేలికి పుండు పడింది. షుగరు దిగకపోతే వేలు తీసేయాలన్నాడు డాక్టరు. వేలు పోతే మగ్గం పోయినట్టే. నాకు వేరే పని రాదు.

షుగరు చూసుకోవడానికి పొద్దున్నే గాజు గొట్టంలో డాక్టరిచ్చిన నీలిమందు పోసి, మూత్రం చుక్కలు కలిపి కాచేవాణ్ణి. ఆకుపచ్చ వస్తే షుగరు కొంచెమే, ఇటుకరంగు వస్తే చాలా ఎక్కువ. నాకెప్పుడూ ఇటుకరంగే. అన్నంతోనే ఎక్కుతోందని రాత్రి తిండి మానేశాను. ఆకలితో పడుకున్నా అదే రంగు. దొంగచాటుగా మిఠాయిలు తింటున్నానని డాక్టరు తిట్టాడు. ఏడుపొచ్చింది.

అంతలో రంజాన్ నెల వచ్చింది. పక్కింట్లోకి కొత్తగా వచ్చిన మహబూబ్బీ ఉపవాసం కోసం తెల్లవారకముందే లేచి వండుకునేది. మా రెండిళ్లకూ ఒకటే గోడ. లక్ష్మమ్మను ఆమె ఎన్నడూ చూడలేదు.

ఒకరోజు నన్ను ఆపి నవ్వుతూ అడిగింది. "మీ ఇంట్ల ఎవరొచ్చిండ్రు? ఆడమనిషి గొంతు ఇనొచ్చింది. నీ గురక ఆగంగనే ‘ఇగో, జర పక్కకు తిరుగు’ అంటాంది."

గురక మధ్యలో నా ఊపిరి ఆగితే లక్ష్మమ్మ అనే మాట అదే. ఆ పొద్దున గొట్టంలో ఆకుపచ్చ వచ్చింది. రంగుల్లో నేతపనివాడు పొరబడడు.

ఎవరూ రాలేదన్నా మహబూబ్బీ నమ్మలేదు. గొంతు విన్నానని ఆమె చెప్పిన రోజుల్లో ఆకుపచ్చ, వినలేదన్న రోజుల్లో ఇటుకరంగు. క్యాలెండరు మీద రాసి పెట్టుకున్నాను. నెలాఖరుకు చాలావరకు ఆకుపచ్చే. పుండు ఆరింది, వేలు దక్కింది.

పండగనాడు మహబూబ్బీ రెండు గిన్నెల్లో షీర్ ఖుర్మా పాయసం పంపింది, ఒకటి నాకు, ఒకటి మా ఇంట్లో ఉన్న ఆడమనిషికట. ఆ రెండూ ముందు పెట్టుకొని ఏడ్చాను.

చాలా ఏళ్లకు హైదరాబాద్‌లో ఒక డాక్టరు చెప్పాడు. నిద్రలో ఊపిరి ఆగుతుంటే ఒళ్లు బెదిరి, తినకపోయినా షుగరు పెరుగుతుందట. పక్కకు తిరిగి పడుకుంటే కొందరికి ఊపిరి ఆడుతుందట. రంగు ఎందుకు మారిందో అర్థమైంది. నన్ను తిప్పిందెవరో ఆయన్ని అడగలేకపోయాను.

వినాలని ఎన్నో రాత్రులు మేలుకొని పడుకున్నాను. గోడ అవతలి మనిషికి అన్నాళ్లు వినిపించిన లక్ష్మమ్మ నాకు ఒక్కసారైనా వినిపించలేదు. ఎందుకో ఈనాటికీ తెలియదు.