నేను తీసేసిన మెయిలు

బందరులో మా వీధికి చేపలు తెచ్చే ఆవిడ భర్త వేటకెళ్ళి, పడవ తిరగబడి చనిపోయాడు. అతని బ్యాంకు ఖాతాకి ప్రమాద బీమా ఉందని పాస్‌బుక్కు చూసి చెప్పింది నేనే. దరఖాస్తు నింపిందీ నేనే. ఆవిడకి ఈమెయిలు లేదు కనుక నాది రాశాను.

అప్పట్లో నేను కాలేజీ ఆఫీసులో గుమాస్తాని. బ్యాంకుల పేరుతో వచ్చే దొంగ మెయిళ్ళని పట్టేస్తానని కాస్త పేరుండేది. ఒకసారి మా ప్రిన్సిపాల్ గారు లింకు నొక్కబోతుంటే ఆపాను. పంపినవారి చిరునామాలో బ్యాంకు పేరుకి ఒక అక్షరం ఎక్కువుంది. తెలియని చిరునామా, ఖాతా ఆగిపోతుందన్న బెదిరింపు, కింద ఒక లింకు కనిపిస్తే తెరవొద్దని అందరికీ చెప్పేవాణ్ణి. బందరు పక్కనే ఉన్న గూడూరులో మా చర్చిలో కూడా ఆరాధన అయ్యాక లేచి నిలబడి చెప్పాను.

దరఖాస్తు పెట్టిన నెల తర్వాత ఒక మెయిలు వచ్చింది. బ్యాంకు పేరుంది గాని చిరునామా నేనెరగనిది. పదిహేను రోజుల్లో మరణ ధ్రువపత్రం మళ్ళీ పంపకపోతే దరఖాస్తు మూసేస్తామని రాసి, లింకు ఇచ్చారు. నవ్వుకుని తీసేశాను.

మర్నాడు ఆవిడ మా గుమ్మంలో తట్ట దించి, "ఏవన్నా వచ్చిందా అన్నయ్యగారూ?" అని అడిగింది.

"వచ్చిందమ్మా, దొంగది. తీసేశాను."

"మీరుండబట్టి సరిపోయిందండీ. మాకేం తెలుద్ది!"

మూడు నెలలైనా కబురు లేకపోయేసరికి ఇద్దరం బ్రాంచికి వెళ్ళాం. ఆఫీసరు కంప్యూటరులో చూసి, "మెయిలు పంపారు కదండీ. జవాబు రాలేదని మూసేశారు," అంటూ తెర మా వైపు తిప్పాడు. అదే మెయిలు. బీమా పని చూసే వేరే ఆఫీసు నుంచి వచ్చిందట.

ఆ లింకు నొక్కకపోవడం తప్పు కాదు. పాస్‌బుక్కు మీదున్న నంబరుకి ఒక్క ఫోను చేసి ఉంటే తెలిసిపోయేది. బ్రాంచి మా ఇంటికి పది నిమిషాల నడక. అందరికీ అన్ని జాగ్రత్తలు చెప్పినవాణ్ణి, ఆ ఒక్క ముక్క ఎవరికీ చెప్పలేదు, నేనూ చెయ్యలేదు.

తప్పు నాదేనని రాసిచ్చి మళ్ళీ దరఖాస్తు పెట్టించాను. గడువు దాటిందని తిరిగొచ్చింది. పైవాళ్ళకి రాసినా అదే జవాబు.

ఆ జవాబు చదివి వినిపించాక ఆవిడ పాస్‌బుక్కు కొంగులో చుట్టుకుంది. తర్వాత, "బ్యాంకోళ్ళే ఇవ్వలేదని ఇంట్లో చెప్తానండీ. మీరూ అలాగే అనండి. మా అత్త నోరు మంచిది కాదు," అంది.

అలాగేనన్నాను. వాళ్ళత్త బజార్లో ఎదురై, "మా కోసం చాలా తిరిగారు బాబూ," అని నా రెండు చేతులూ పట్టుకున్నప్పుడు కూడా నోరు విప్పలేకపోయాను.