తాత పక్కన అవ్వ జాగా

మా చిన్నప్పుడు... ఈస్టర్ నాడు తెల్లవారకముందే బోధన్ దగ్గరి మా ఊరి క్రైస్తవులమంతా సమాధుల తోటకు పోయేవాళ్లం. ముందురోజే సమాధులకు సున్నం వేసి ఉంచేవాళ్లం. సమాధులన్నీ ఒకే తీరు... కాళ్లు తూర్పుకు. ప్రభువు వచ్చేనాడు లేచి నిలబడితే ఎదురుగా ఆయనే కనపడాలని.

తాత సమాధికి సున్నం మా అవ్వే వేసేది. అవ్వంటే మా బాపును కన్నతల్లి. కుష్ఠు వచ్చి డిచ్‌పల్లి దవాఖానాలో ఏళ్లకేళ్లు ఉండి, నయమై ఇంటికొచ్చింది. వేళ్లు మాత్రం పోయాయి. కుంచెను గుడ్డపేలికతో చేతికి కట్టుకునేది. పని అయ్యాక తాత పక్కనున్న ఖాళీ చూపించి "గిది నా జాగ" అనేది.

ఒకసారి అడిగాను... "అవ్వా, లేచేనాడు నీకు వేళ్లొస్తయా?"

"కొత్త ఒళ్లు ఇస్తడంట బిడ్డా. గని యేసయ్య లేచినంక గూడ చేతులకు మేకుల గాయాలు అట్లనే ఉండెనంట గద... నాకు గూడ గివే ఉండనీ. నెలనెల దవాఖానకు సైకిల్ మీదొచ్చి మీ తాత పట్టుకున్న చేతులివి. మారితే నన్ను గుర్తుపడ్తడా?"

నవ్వి, కొంగున కట్టుకున్న బెల్లం ముక్క నా చేతిలో పెట్టింది. ఆ మొండి చేత్తో ఇచ్చిందని, ఆమె చూడకుండా చెరుకు తోటలో పారేశాను. తలుచుకుంటే నా మీద నాకే రోత.

మరుసటి ఏడు అవ్వ పోయింది. తాత పక్కన గుంత తవ్వబోతే సంఘపెద్ద ఒకాయన అడ్డం వచ్చాడు. ఆ ఖాళీకి అవతల వాళ్లమ్మ సమాధి ఉంది.

"గీమెను ఈడ పెట్టుడు గాదు. రేపు లేచేనాడు మా అమ్మ పక్కపొంటి లేస్తదా? తోట గోడ పక్కకు పెట్టుండ్రి!"

అని, నోట్లో ఉన్న జర్దా పాన్ ఆ గోడ మీదే ఎర్రగా ఉమ్మాడు.

థూ... లేచేనాడు ఏ రోగమూ ఉండదని ప్రతి ఈస్టర్‌కూ అందరికంటే గట్టిగా పాడేది ఆయనే! కుళ్లు అవ్వ చేతుల్లో లేదు, ఆయన కడుపులో ఉంది.

"నయమైనట్టు దవాఖాన కాయితం ఉన్నదన్నా..." అని బాపు జేబులోంచి తీశాడు. ఆ కాగితాన్ని కూడా ఎవరూ ముట్టలేదు. అవ్వను గోడ పక్కనే పెట్టారు... ఆ ఉమ్మి మరక తలాపున.

ఇప్పుడు ఆ జబ్బు కొన్ని నెలల గోళీలతోనే పోతోంది, తోటకు ఇనుప గేటు వచ్చింది. అవ్వ చూపించిన జాగాలో ఆ పెద్దాయనే పడుకున్నాడు, పైన పాలరాయి వేయించుకుని.

మీరూ చిన్నప్పుడు ఎవరి చేతిదైనా ఇలా పారేశారా... ఉంటే దాచుకోకుండా రాయండి.

లేచేనాడు అవ్వకు ఆ చేతులే ఉండాలని నాకూ ఉంది. ఆ బెల్లం ముక్క మళ్లీ అడగాలి.