టబ్బులో అంగుళం నీళ్లు

మా బాతును వీధికుక్కలు చంపేసిన రోజు నుంచి ఇంట్లో నాకు కాలు నిలవలేదు. దాని పిల్లలు నాలుగు, పుట్టి వారం కూడా కాలేదు. పక్కనున్న సాలువా ఊరి నుంచి సైకిలు మీద గుడ్లు తెచ్చి అమ్మే బెంగాలీ దీదీ వాటిని చూసి, లోతు నీళ్లలోకి వదలొద్దంది. తల్లి ఒంటిని రాసుకుంటేనే పిల్లల నూగుకు నూనె అంటుతుందట. అది లేకపోతే తడిసి ముద్దయి, చలికి బిగుసుకుపోయి మునిగిపోతాయట. బాతుపిల్ల మునగడమేమిటని నవ్వబోయి, ఆవిడ ముఖం చూసి మానేశాను.

పెరట్లో ప్లాస్టిక్ టబ్బు పెట్టి, అడుగున కంకర పరిచి, అంగుళం నీళ్లు పోశాను. రైల్వే వాళ్ల ఇళ్లలో కంకరకేం కొదవ? పిల్లలు ఎక్కి దిగడానికి బయట ఒక ఇటుక పెట్టాను. ఇక అక్కడి నుంచి నా పోరు మొదలైంది. డ్యూటీ దిగి వచ్చిన మా ఆయన ఆ పక్కన కాళ్లు కడుక్కుంటే కేకలు. మా అత్త బిందె దించితే కేకలు.

"ఏటే నీ గోల? మేం బాతుల్ని సూడనేదా?" అంది అత్త.

"తల్లి నేని పిల్లల్ని సూడనేదు కదా అత్తా! ఆ టబ్బు జోలికి ఎవులూ రావద్దు."

నిజానికి వాళ్లెవరి మీదా నాకు నమ్మకం లేదు. వంట మధ్యలో పదిసార్లు వెళ్లి పిల్లల్ని చూసి వచ్చేదాన్ని. చర్చిలో ప్రార్థనకు కళ్లు మూసుకున్నా టబ్బే కనిపించేది.

నేను ఈ రైల్వే క్వార్టర్లలోనే పుట్టి పెరిగినదాన్ని. ఇక్కడ కుళాయి వచ్చిందంటే ఖాళీ గిన్నె కంటపడకూడదు. ముందు నింపాలి, దేనికన్నది తరవాత సంగతి. ఆ వారం రెండు రోజులు ఆగి కుళాయి వచ్చింది. పైపు పట్టుకుని పరుగెత్తాను. గాబు, బిందెలు, బకెట్లు, చెంబులు, కనిపించినవన్నీ పట్టాను. నీళ్లు ఆగిపోయాక హమ్మయ్య అనుకుని బియ్యం కడగడానికి లోపలికి వెళ్లాను.

అత్త కేకకు బయటికొచ్చాను. టబ్బు సగానికి పైగా నిండి ఉంది. కంకర ఎక్కడో అడుగున ఉండిపోయింది. ఇటుకెక్కి లోపలికి దూకినట్టున్నాయి, నున్నటి గోడకు పట్టు దొరక్క నాలుగూ కొట్టుకుంటున్నాయి. అత్త ఒక్కొక్కదాన్నే తీసి కొంగులో వేసుకుంది.

"ఇందల నీళ్లు ఎవులు పోసినారే?"

అన్నాళ్లూ అందరినీ తిట్టిన నోటితోనే చెప్పాల్సి వచ్చింది. "నానే," అన్నాను.

అత్త ఒకదాన్ని నా చేతిలో పెట్టింది. "దీన్ని నువ్వు ఎచ్చబెట్టు. మరీ సల్లగుంది."

తుడిచి, పైట లోపల గుండెకు ఆనించుకుని స్టవ్ దగ్గర కూర్చున్నాను. అత్త ఒడిలో మూడూ కాసేపటికి కిచకిచలాడాయి. నాది వణుకుతూనే ఉంది. చాలాసేపటికి వణుకు ఆగింది, మెడ వాలింది.

"నిద్దరోయింది అత్తా," అన్నాను మెల్లగా.

అత్త నా ముఖంలోకి చూసింది. దాన్ని ఇమ్మని చెయ్యి చాపింది.