మట్టి వాసన చూసే బాబు

ఈయన గురించి అప్పుడే రాయాల్సింది. అప్పటికి నాకు అక్షరాలు రావు. మనవరాలి పలక మీద ఈ మధ్యే నేర్చుకున్నాను.

మా ఊరికి ఎగువన మూతపడిన డీజిలు డిపో ఉంది. నూనె ఇంకి కింది బావి నీళ్లు పాడయ్యాయని, ఆ మట్టిని తవ్వించడానికి సాలూరు నుంచి ఒక ఆఫీసరు బాబు వచ్చేవాడు. ప్రతి గోతిలోంచీ పిడికెడు మట్టి తీసి, కళ్లు మూసుకుని వాసన చూసేవాడు. నచ్చకపోతే ఇంకా తవ్వమనేవాడు. ఆ ముక్కును మేమంతా నమ్మాం.

చివరి రోజు సాయంత్రం, "పనైపోయిందమ్మా. రేపట్నుంచి కింది బావి నీళ్లు తాగొచ్చు" అన్నాడు.

ఆ బావి నీళ్లే సొరబుర్రలో తెచ్చి ఇచ్చాను. అలవాటు కొద్దీ కళ్లు మూసుకుని వాసన చూశాడు. తాగకుండానే సొరబుర్రని మెల్లగా కింద పెట్టేశాడు.

"ఏటి బాబూ, తాగవేటి?"

"ఇప్పుడే తాగొచ్చానమ్మా."

మా వదిన ఊరుకోలేదు. "మట్టికి ముక్కెట్టినోడు నీళ్లకి నోరెట్టడేటే?" అని నవ్వింది.

ఆయన నవ్వలేదు. నా వైపు చూడకుండానే జీపెక్కాడు.

అబద్ధమాడాడో, నిజంగానే దాహం లేదో నాకిప్పటికీ తెలీదు. దారికి అడ్డంగా ముళ్లకంప ఉంటే దాటకూడదని మా కొండల్లో చదువు రానివాళ్లకీ తెలుసు. మర్నాడు పొద్దున్నే, ఆడపిల్లలు బిందెలతో బయల్దేరకముందే, బావి దారికి అడ్డంగా కంప లాగి పడేశాను.