మూడోవాడి మోకాలు కోసం డిట్రాయిట్ వెళ్ళిన ఆదివారం

నేను రాసే మనిషిని కాను. రేపల్లెలో స్కూలు చదువు ముగిశాక కలం పట్టింది ఇంటికి ఉత్తరాలు రాయడానికీ, ఆదివారం ప్రసంగంలో వాక్యాలు గుర్తుపెట్టుకోవడానికీ మాత్రమే. యాభయ్యో ఏట ఇప్పుడు ఇది రాయడానికి రెండు కారణాలున్నాయి. మన చర్చి సంఘంలో కొత్తగా చేరిన కుటుంబాలవాళ్ళు కొందరు వచ్చే వేసవిలో బేస్‌బాల్ చూడటానికి డౌన్‌టౌన్ వెళ్ళాలనుకుంటూ, దారి ఎలాగ, ఎక్కడ కూర్చుంటే బాగుంటుంది అని నన్ను అడుగుతున్నారు. నోటితో చెబితే నా గొంతు పక్క కుర్చీ దాటదు. ఇక రెండో కారణం, మొన్న అక్టోబరులో నేను వెళ్ళిన ఆట గురించి మర్నాడు పేపర్లో వచ్చింది చదివితే నేను చూసింది అందులో లేదు. ఎవరో ఒకరు రాసిపెట్టాలి కదా అనిపించింది.

డెబ్భైల చివర్లో మేము డిట్రాయిట్ శివారులోని నోవై వచ్చాం. మావారు కార్ల కంపెనీలో ఇంజనీరు. పొద్దున్నే ఆయన కారేసుకుని వెళ్ళిపోతే సాయంత్రం దాకా అపార్ట్‌మెంట్‌లో నేనూ, రేడియో. టీవీలో ఇంగ్లీషు నాకు అందేది కాదు, పరుగెత్తేది. రేడియోలో ఆట చెప్పే పెద్దాయన మాత్రం నిదానంగా మాట్లాడేవాడు. ఒక మాట చెప్పి ఊరుకునేవాడు. ఆ ఖాళీలో జనం గోల, ఎవరో వేరుశనక్కాయలు అమ్ముతున్న కేక వినిపించేవి. ఆ ఖాళీల్లోనే నేను ఇంగ్లీషు నేర్చుకున్నాను. ఆటగాళ్ళ పేర్లు నా నాలుక తిరిగేవి కావు. అందుకని, కొట్టినవాడు పరుగెత్తి చేరాల్సిన బేస్‌లనే గుర్తుల్లో ఒకటోదాని దగ్గర నిలబడేవాణ్ణి మొదటివాడు అనీ, తరవాత రెండోవాడు, మూడోవాడు అనీ పిలుచుకునేదాన్ని. రెండోవాడికీ మూడోవాడికీ నడుమ ఇంకొకడు నిలబడతాడు. వాణ్ణి మావారు "మీ రెండున్నరోడు" అని వెక్కిరించేవారు. మూడోవాడు జట్టులోకి కొత్తగా వచ్చిందీ, నేను ఈ దేశం వచ్చిందీ ఒకే ఏడాది. వాడూ మొదట్లో బంతులు జారవిడిచేవాడు, నేనూ షాపుల్లో మాటలు తడబడేదాన్ని. కొన్నేళ్ళ కిందట మా డిట్రాయిట్ జట్టు దేశం మొత్తం మీద గెలిచి ఊరంతా కార్ల హారన్లు మోగించిన రాత్రి, వంటింట్లో నిలబడి నేను దేవునికి స్తోత్రం చెప్పుకున్నాను. కానీ గ్రౌండ్‌కి ఒక్కసారీ వెళ్ళలేదు. మామూలు రోజుల్లో మావారికి ఆఫీసు, ఆదివారం నాకు ఆరాధన.

ఈ ఏడాది మా జట్టు ఆట చెప్పుకోదగ్గది కాదు. ఓడటం, మళ్ళీ ఓడటం. దానికి తోడు వేసవి మొదట్లో మూడోవాడి మోకాలికి దెబ్బ తగిలింది. ఆ శుక్రవారం ఇంటి ప్రార్థనలో, మన సంఘానికి అప్పుడే వచ్చిన పాస్టర్‌గారు ఒక్కొక్కరి ప్రార్థన అవసరం అడుగుతూ నా దగ్గరికి వచ్చారు. "మా మూడోవాడి మోకాలు బాగుపడాలండీ" అన్నాను. ఆయన కళ్ళు మూసుకుని, "ప్రభువా, అమ్మగారి మూడో కుమారుణ్ణి ముట్టు" అని ప్రార్థించారు. పాస్టర్‌గార్లు ఎవరినైనా కుమారుడనే అంటారు కదా అనుకుని నేను ఆమెన్ అన్నాను. వేసవంతా ప్రతి శుక్రవారం ఆయన మరిచిపోకుండా అదే ప్రార్థన చేశారు. ఒకనాడు మా ఇంట్లోనే ప్రార్థన అయ్యాక టీ తాగుతూ అడిగారు.

"మూడోవాడి సంగతి సరే, అమ్మగారూ. మిగతా ఇద్దరూ ఎలా ఉన్నారు?"

"మొదటివాడికి ఢోకా లేదండీ. రెండోవాడే ఈ మధ్య చేతికొచ్చినవి కూడా వదిలేస్తున్నాడు."

"అయ్యో! ఉద్యోగాలా?"

"బంతులండీ."

మావారికి టీ పొలమారింది. దగ్గు ఆగాక ఆయనే చెప్పారు. "పాస్టర్‌గారూ, మాకు పిల్లల్లేరండీ. ఈవిడ చెప్పేది రేడియోలో ఆడేవాళ్ళ గురించి."

నాకు తల ఎత్తబుద్ధి కాలేదు. పాస్టర్‌గారు కప్పు కింద పెట్టారు. "నేను పేరు చెప్పకుండా అమ్మగారి మూడో కుమారుడు అని మాత్రమే అడిగాను. ఎవరి మోకాలో పైనున్న ఆయనకి తెలిసే ఉంటుంది లెండి. మధ్యలో ఆపడం దేనికి, కొనసాగిద్దాం" అన్నారు. ఆ మాటకు నేను ఆయనకి ఎప్పటికీ రుణపడి ఉంటాను.

సెప్టెంబరు ముగిసే వేళకి రేడియోలో పెద్దాయన ఒక కబురు చెప్పాడు. మూడోవాణ్ణి వచ్చే ఏడాదికి ఉంచుకోవడం లేదట. మోకాలు సహకరిస్తే ఈ ఊళ్ళో ఆడే చివరి ఆటలో ఒక్కసారి బ్యాట్ పట్టిస్తారట. సహకరించకపోతే అదీ లేదు. ఆ ఆట ఆదివారం మధ్యాహ్నం ఒకటిన్నరకి. ఇన్నేళ్ళు రేడియోలో విన్నవాణ్ణి ఒక్కసారి కంటితో చూడాలని అప్పుడు కలిగినంత కోరిక నాకు ఎన్నడూ కలగలేదు. కానీ ఆరాధన మానేసి వెళ్ళలేను. మావారితో కూడా అనలేదు. పాస్టర్‌గారే అడిగారు. "వెళ్తున్నారా, అమ్మగారూ?" ఆదివారం కదండీ అన్నాను. "ఆరాధన అయ్యాక వెళ్దాం. వేసవంతా ప్రార్థన చేసినవాణ్ణి, వాడు పరిగెత్తుతాడో లేదో నేను మాత్రం చూడొద్దా?" అన్నారు ఆయన.

ఆ ఆదివారం ప్రసంగం ఎంత క్లుప్తంగా ముగిసిందంటే, వెనక వరుసలో ఒక పెద్దాయన చేతి గడియారం విప్పి చెవి దగ్గర పెట్టుకుని చూశారు. పన్నెండున్నరకల్లా మావారు, నేను, పాస్టర్‌గారు కార్‌లో ఉన్నాం. సౌత్‌ఫీల్డ్‌లో మన చర్చి దగ్గర లాడ్జ్ ఫ్రీవే ఎక్కితే మలుపులేమీ లేకుండా డౌన్‌టౌన్ తీసుకుపోతుంది, ఆదివారం పూట అరగంట కూడా పట్టదు. నోవై నుంచి సూటిగా వచ్చేవాళ్ళు ఐ-తొంభై ఆరు హైవే పట్టుకుని ముప్పావుగంట అనుకోండి. మిషిగన్ అవెన్యూ దగ్గర దిగగానే ఇళ్ళ కప్పుల మీదుగా గ్రౌండ్ దీపాలు కనిపిస్తాయి. ఆ చుట్టుపక్కల ఖాళీ స్థలాలున్నవాళ్ళు రోడ్డు మీదకొచ్చి చేతులూపి కార్లని లోపలికి పిలుస్తారు. మేము ఐదు డాలర్లిచ్చి ఒక దాంట్లో పెట్టాం. అక్కడ కుర్చీ వేసుకుని కూర్చున్న నల్లజాతి ముసలాయన నా చీరనీ, పాస్టర్‌గారి టైనీ చూసి నవ్వాడు.

"చర్చి నుంచే ఇటొచ్చారా?"

"అవును" అన్నారు పాస్టర్‌గారు.

"మంచి పని చేశారు. ఈ ఏడాది మావాళ్ళకి అదొక్కటే మిగిలింది."

టికెట్ మనిషికి ఏడెనిమిది డాలర్లు. ఈ ఏడాది జట్టు పరిస్థితికి అప్పటికప్పుడు కౌంటర్ దగ్గర మూడూ పక్కపక్కనే దొరికాయి. మూడో బేస్ వైపు అడిగి తీసుకున్నాం. లోపలి మెట్ల దారి చీకటిగా, ఉల్లిపాయల వాసనతో ఉంది. పైకెక్కి బయటపడగానే ఒక్కసారిగా అంత పచ్చదనం. నేను అక్కడే ఆగిపోయాను. ఇన్నేళ్ళుగా నేను ఊహించుకున్న గ్రౌండ్ ఇంతకంటే చాలా చిన్నది, దానికి రంగు కూడా లేదు. వెనకున్నవాళ్ళు "మేడమ్, ప్లీజ్" అంటే కదిలాను. అది పాత కట్టడం, పైకప్పుని మోసే ఇనప స్తంభాలు సీట్ల మధ్యలోనే ఉన్నాయి. మావారి ఎదురుగా సరిగ్గా ఒక స్తంభం. "నాకు ఇదే హాయి" అని ఆయన దాని నీడలో కునుకు తీశారు. అక్టోబరు గాలి చల్లగా ఉంది. చీర మీద కోటు వేసుకున్నా వణికాను.

ఆట మొదలయ్యాక పాస్టర్‌గారు మెల్లగా అడిగారు. "గెలవాలని ప్రార్థన చేద్దామా?"

"వద్దండీ. అవతలివాళ్ళకి మాత్రం తల్లులు లేరా? మోకాలు ఒక్కటి చాలు."

మూడో బేస్ దగ్గర ఎవరో కుర్రవాడు నిలబడి ఉన్నాడు. మావాడు కనిపించలేదు. ఒక్కో ఇన్నింగ్స్ గడుస్తోంది, మావాళ్ళు వెనకబడుతున్నారు. కట్టుకెళ్ళిన పులిహోర పొట్లం విప్పితే పాస్టర్‌గారూ, ముందు వరుసలో ఒక అమెరికన్ ఆవిడా తిన్నారు. ఆవిడ కారానికి కళ్ళు తుడుచుకుంటూనే మళ్ళీ చెయ్యి చాపింది. నేను మూడోవాడి గురించి అడిగితే, "మోకాలు చాలా వాచిందట హనీ, ఆశ పెట్టుకోకు" అంది. ఆ మాట విన్నాక నేను పొట్లం మడిచేశాను. చూడకుండానే వెళ్ళిపోతానేమో అనిపించింది. రేడియోలో విన్న ఆ ఏళ్ళకే స్తోత్రం చెప్పుకుందామని మనసు సరిపెట్టుకుంటున్నాను. మొత్తం తొమ్మిదిలో ఎనిమిదో ఇన్నింగ్స్‌లో మావారు నిద్ర లేచి, "చలిగా ఉంది, కాఫీ తెస్తా" అని కిందికి వెళ్ళారు.

ఆయన అటు వెళ్ళారో లేదో, జనం ఒక్కొక్కరే లేచి నిలబడటం మొదలుపెట్టారు. ముందావిడ నా చెయ్యి పట్టుకుని లేపింది. ఆటగాళ్ళు కూర్చునే గోతిలాంటి చోటు నుంచి ఒకడు బ్యాట్ పట్టుకుని పైకి వస్తున్నాడు. మెట్టు ఎక్కేటప్పుడు కుడికాలు ముందు పెట్టి, ఎడమకాలు దాని పక్కకి లాక్కున్నాడు. నేను అనుకున్నంత పొడగరి కాదు. జుట్టు నెరుస్తోంది. వాడి ముఖం ఎలా ఉంటుందో నాకు తెలియదు, అయినా తెలిసిన మనిషిలాగే ఉన్నాడు.

రెండు బంతులు వదిలేశాడు. మూడోది బ్యాట్‌కి తగిలింది కానీ గట్టిగా కాదు. నేల మీద దొర్లుకుంటూ అవతలి జట్టు రెండోవాడి చేతికి సూటిగా పోయింది. ఆ బంతి మొదటి బేస్‌కి చేరేలోగా కొట్టినవాడు అక్కడికి చేరాలి, లేకపోతే ఔట్. చేరడని అందరికీ తెలిసిపోయింది. అలాంటప్పుడు మంచి కాళ్ళున్నవాళ్ళు కూడా ఏదో నాలుగడుగులు వేసి వెనక్కి తిరుగుతారు. మావాడు పరిగెత్తాడు. తల వంచుకుని, ఆ కాలిని ఈడ్చుకుంటూనే, బంతి తనకంటే వెనక ఉన్నట్టు పరిగెత్తాడు.

"నెమ్మదిరా నాయనా! మోకాలు, మోకాలు చూసుకో!"

ఎవరో తెలుగులో అరుస్తున్నారే అనుకున్నాను. చుట్టూ జనం నా వైపు తిరిగాక తెలిసింది, అది నేనే.

ఒక్క అడుగు తేడాలో ఔట్. వాడు బేస్ దాటి ముందుకెళ్ళి ఆగి, మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని ఊపిరి పీల్చుకున్నాడు. తరవాత నిటారుగా నిలబడి వెనక్కి నడిచాడు. కుంటుతున్నాడు కానీ ఎవరి సాయమూ లేకుండా నడిచాడు. టోపీ తీసి జనం వైపు ఒకసారి పైకెత్తాడు. గ్రౌండ్ అంతా చప్పట్లే.

"ఔటా, అమ్మగారూ?" అన్నారు పాస్టర్‌గారు.

"ఔటేనండీ."

"మరి అందరూ ఎందుకు ఇంతగా చప్పట్లు కొడుతున్నారు?"

"పరిగెత్తాడు కదండీ."

ఆయన తల పంకించి, ఆయన కూడా చప్పట్లు కొట్టారు. ఆట ఓడిపోయాం. మర్నాడు పేపర్లో మూడోవాడి గురించి, చివరి ఆటలో పరుగేమీ చేయలేదని ఒక్క ముక్క రాశారు.

ఆ ముక్కలో అబద్ధమేమీ లేదు. కానీ నేను ఆ సీజన్ మొత్తాన్ని కృతజ్ఞతతోనే తలుచుకుంటాను. గెలిచిన ఏడాదిలో దేవునికి స్తోత్రం చెప్పడం నాకు కష్టం కాలేదు. ఓడిన ఏడాదిలో నేను అడిగింది ఒక్క మోకాలు, అది ఉన్నంతలో నిలబడింది. దూరం ఎంతో కాదు, తొంభై అడుగులట. వాడు నా ఎదురుగా పరిగెత్తినప్పుడు, ఎవరికీ లాభం లేని పనిని కూడా మనసుపెట్టి చేయవచ్చునని చూశాను. వంట చేస్తున్నప్పుడు, చర్చి నేల తుడుస్తున్నప్పుడు ఆ పరుగు గుర్తొస్తుంది, చెయ్యి కాస్త జాగ్రత్తగా కదులుతుంది.

వెళ్ళేవాళ్ళకి ఒక్క మాట. ఆ పార్కింగ్ స్థలాల్లో కార్లని ఒకదానికొకటి ఆనించి పెట్టిస్తారు, మధ్యలో ఇరుక్కుంటే ముందువాళ్ళు వచ్చేదాకా కదలలేరు. సాయంత్రం పని ఉన్నవాళ్ళు వీధి పక్క వరుసలోనే పెడతామని ముందే చెప్పండి.

ఈ కాగితాలు మీ దగ్గరే దాచుకోండి, ఇంకెవరికీ చూపించకండి. ముఖ్యంగా మావారికి. ఆయన కాఫీలతో తిరిగి వచ్చేసరికి అంతా అయిపోయింది. నా ముఖం చూసి ఏం జరిగిందని పాస్టర్‌గారిని అడిగారు. ఆయన కాఫీ అందుకుంటూ, "ఏమీ లేదండీ. అమ్మగారు ప్రార్థన చేశారు, కొంచెం గట్టిగా" అన్నారు.