ఆళ్లగడ్డ బస్సులో రెండు అర టిక్కెట్లు

నంద్యాలలోని ఒక బాలికల హాస్టలులో రెండు సీట్లు దొరికాయన్న కబురు శనివారం సాయంత్రం అందినప్పుడు నేను చేతిలోని సూదిని పుస్తకంలోనే వదిలి లేచి నిలబడ్డాను. నా వృత్తి పుస్తకాల బైండింగు. మూడో తరగతితో బడి ఆగిపోయిన నాకు, కుట్టడానికి వచ్చిన పుస్తకాలే గురువులు. ఊరి కక్షల్లో తండ్రులను పోగొట్టుకున్న పిల్లలను చదివించాలని మేము నలుగురు మిత్రులం ఏడాదిగా తిరుగుతున్నాం. సోమవారం మధ్యాహ్నం పన్నెండు లోపల పిల్లలు, వారి టీసీలు హాస్టలుకు చేరకపోతే సీట్లు వేరేవారికి వెళ్లిపోతాయి.

రెండు ఇళ్లకూ కబురు పంపి, ఆదివారమంతా కూర్చుని పద్నాలుగు అంశాల జాబితా రాశాను. పదకొండవది: 'బస్సులో ఇద్దరినీ దూరంగా కూర్చోబెట్టాలి.' లక్ష్మీదేవి తండ్రి, రూతమ్మ తండ్రి ఒకే కొట్లాటలో ఎదురెదురు వర్గాల పక్షాన నిలిచి చనిపోయారు. ఇద్దరూ కూలి చేసుకునేవారే. రెండో పిల్ల ఎవరో చెబితే పంపరేమోనన్న భయంతో ఆ సంగతి రెండు ఇళ్లలోనూ దాచాను.

సోమవారం నంద్యాలలో ఉదయం ఆరున్నర బస్సు ఎక్కాను. టిక్కెట్టు నాలుగు రూపాయలు. శిరివెళ్ల మీదుగా గంటంబావు ప్రయాణం. ఎడమ పక్క కూర్చుంటే నల్లమల కొండల మీద ఎండ ఎక్కడం కనిపిస్తుంది. ఆళ్లగడ్డ బస్టాండు ఎదుట బొరుగుల ఉగ్గాని తింటూ జాబితా తీశాను. వడ్డించే ఆమె నవ్వింది.

"ఏందన్నా, తింటా కాగితం చూస్తాండావ్? పెండ్లి సరుకులా?"

"ఇద్దరు ఆడపిల్లలను బడికి తీసుకుపోతున్నానమ్మా."

"మరి వాళ్లకు తిండి రాసుకున్యావా?"

పద్నాలుగు అంశాల్లో అది లేదు! ఆమె నాలుగు బజ్జీలు పొట్లం కట్టి, దుడ్లు వద్దంది.

తొమ్మిదిన్నరకు రుద్రవరం వైపు నుంచి లక్ష్మీదేవిని వెంటబెట్టుకుని ఆమె నాయనమ్మ ఓబులమ్మ వచ్చింది. వెనకే రూతమ్మ, ఆమె తల్లి మరియమ్మ. ఓబులమ్మ నిలబడిపోయింది.

"ఏందప్పా ఇది? ఆళ్ల పిల్ల గూడా వస్తాందా? నాకొక మాట చెప్పల్యా!"

"తప్పు నాదేనమ్మా. చెబితే పంపరని భయపడ్డాను."

"ఇప్పుడూ పంపను. నీకిచ్చిన టీసీ ఇట్లియ్యి. పదవే పాపా, ఇంటికి."

లక్ష్మీదేవి కదలలేదు. "నేను రాను జేజీ. ఆరో తరగతికి పోతా."

"ఎవరి పక్కన కూచుంటావో తెలుసునా?"

మరియమ్మ మెల్లగా అంది: "అవ్వా, నీ కొడుకూ పాయె, నా మొగుడూ పాయె. పిల్లోల్లనన్నా సదువుకోనీ."

ఓబులమ్మ జవాబు చెప్పేలోగా నంద్యాల మీదుగా పోయే కర్నూలు బస్సు వచ్చింది. జనం విరగబడ్డారు. అంతే, ఓబులమ్మ చేతిలోని గుడ్డసంచి కిటికీలోంచి ఎగిరి సీటు మీద పడింది! ఎన్నేళ్ల అలవాటో, కోపంలో ఉన్నానన్న సంగతి ఆ చేతికి తెలియలేదు. "సీటు పట్టినావు గదా అవ్వా, ఇంగ పంపు!" అని పక్కనెవరో అరిచారు. ఆమె కూడా నవ్వు ఆపుకోలేకపోయింది.

దొరికింది ఆ ఒక్క సీటే. లక్ష్మీదేవి కూర్చుంది, రూతమ్మ కమ్మీ పట్టుకుని నిలబడింది. ఓబులమ్మ కిటికీ దగ్గరికి వచ్చింది.

"ఏమే, సీటంతా నీదేనా? జరుగు. ఆ పిల్ల నిల్చోనుంది, కనపడల్యా?"

బస్సు కదిలింది. కండక్టరును నాకొకటి, పిల్లలకు రెండు అర టిక్కెట్లు అడిగాను.

"రెండెందుకన్నా, ఒక ఫుల్ కొడ్తా. పాపా, పోగొడితే ఇద్దురూ దిగాల్సిందే!"

టిక్కెట్టు అతను పిల్లల చేతికే ఇచ్చాడు. బజ్జీలు అయిపోయాక వాళ్లు ఆ టిక్కెట్టు విషయం తేల్చుకున్నారు. "శిరివెళ్ల దాకా నేను పట్టుకుంటా. ఆడి నుంచి నువ్వు," అంది లక్ష్మీదేవి. శిరివెళ్లలో బస్సు ఆగగానే రూతమ్మ అరచెయ్యి చాచింది.

పదకొండున్నరకు హాస్టలు రిజిస్టరులో ఇద్దరి పేర్లూ ఎక్కాయి. రాతలో ఏదీ మరిచిపోనివాడినని నాకొక గర్వం ఉండేది. ఆ రోజు సంతోషంగా ఓడిపోయాను. పదకొండవ అంశాన్ని కొట్టివేసి, ఆ కాగితాన్ని నా కోసమే కుట్టుకున్న పుస్తకంలో అతికించుకున్నాను.

ఇలా పిల్లలను తీసుకువచ్చేవారికి ఒక్క సూచన: ఇద్దరికీ కలిపి ఒకే ఫుల్ టిక్కెట్టు తీసుకోండి. దాన్ని మీ జేబులో పెట్టుకోకండి.