మనవరాలి వెన్నెముక, నా రిజిస్టరు

ఒక పెద్దమనిషి తన తెలివితో సొంత మనవరాలి వెన్నెముకకే ఎసరు పెట్టబోయిన వైనం ఇది. ఆ పెద్దమనిషిని నేనే కాబట్టి మధ్యమధ్యలో కాస్త గొప్పలు కలుస్తాయి. ఓర్చుకోండి, వెంటనే కక్కేస్తాను.

జహీరాబాద్‌లో ట్రాక్టర్ల ఫ్యాక్టరీలో ముప్పై ఏళ్లు ఇన్‌స్పెక్టర్‌గా చేశాను. నా సంతకం లేనిదే ఒక్క బండీ గేటు దాటేది కాదు. సరే, నాతోపాటు ఇంకో ఆరుగురి సంతకాలూ ఉండేవి.

నిరుడు నా మనవరాలు శ్రావ్యకు, పదమూడేళ్ల పిల్లకు, వెన్నెముక పక్కకు వంగుతోందని తేలింది. దాన్ని స్కోలియోసిస్ అంటారట. ఎత్తు పెరగడం ఆగేదాకా రోజుకు పద్దెనిమిది గంటలు ఒంటికి బిగించే గట్టి ప్లాస్టిక్ బ్రేస్ వేసుకోవాలని, లేకపోతే వంపు పెరిగి ఆపరేషన్ దాకా పోవచ్చని హైదరాబాద్ డాక్టరమ్మ చెప్పింది. ఆ బ్రేసుకు మా ఇంట్లో డబ్బా అని పేరు. ఎండాకాలం వచ్చేసరికి డబ్బా లోపల పిల్ల వీపంతా చెమటకాయలు.

"తాతా, ఇది లేకుంట బాగుగాదా?" అంది ఒకరోజు.

"జర ఆగు బిడ్డా. అన్ని వైద్యాలు తూకమేసి ఏది గెలుస్తదో నేనే చెప్త," అన్నాను.

ఝరాసంగం దారిలో మల్లయ్య అని ఒకాయన నూనె రాసి నడుములు సవరిస్తాడు. మూడు ఆదివారాలు ఆయన గుమ్మం ముందు బల్ల మీద కూర్చుని, వచ్చినవాళ్లందరినీ విచారించి రిజిస్టరులో రాసుకున్నాను. రెండు వందల మంది. పోనీ, ఇరవై రెండు. అందరూ బాగైందన్నవాళ్లే. ఒక అల్లం రైతయితే కొత్త కరెంటు స్తంభంలా నిలబడి మరీ చూపించాడు. వ్యాయామం సంగతి మా ఆవిడను అడిగితే, నేను చేయగా ఎన్నడూ చూడలేదంది. సున్నా వేశాను. బ్రేసు గురించి శ్రావ్యను అడిగితే ఉక్కపోత అంది. దానికీ సున్నా. నూనె ఏకగ్రీవంగా గెలిచింది.

నాలుగో ఆదివారం డబ్బా ఇంట్లో వదిలేయించి, పిల్లను షేర్ ఆటో ఎక్కించాను. ఇక దాని అవసరమే ఉండదని మాట కూడా ఇచ్చేశాను. దారిలో ఆమె రిజిస్టరు తిరగేసింది.

"తాతా, ఇండ్ల వెన్నెముక వంగినోళ్లు ఎవరు?"

చూశాను. ఇరవై రెండూ నడుము నొప్పులే.

"నొప్పి తగ్గిందంటే వెన్ను బాగైనట్టే గదా," అన్నాను, గొంతు కొంచెం తగ్గించి.

"మరి బాగుగానోళ్లను ఏడ అడిగినవ్?"

"బాగుగానోళ్లు మళ్ల మల్లయ్య తానికి ఎందుకొస్తరు?"

అనేశాక నా మాట నాకే వినబడింది. ఆమె రిజిస్టరు మూసింది.

"అంటే నువ్వు గేటు బయట నిలబడి పాసైన ట్రాక్టర్లనే లెక్కవెట్టినవ్ తాతా. రిజెక్టయినవి లోపల షెడ్డులనే ఉన్నయి."

ముప్పై ఏళ్ల సర్వీసు ఆటోలోంచి జారి రోడ్డున పడింది.

"అన్నా, ఆపు. ఇంటికి వోతం. నా డబ్బా ఆడనే ఉంది," అంది డ్రైవరుతో. ఆ డబ్బా అంటే గిట్టనిది ఆమెకే. దాని కోసం దిగిందీ ఆమే.

తర్వాత డాక్టరమ్మ ముందు రిజిస్టరు పెట్టాను. నూనెతో వీపుకు హాయేగానీ వంపు ఆగదంది. వ్యాయామం తోడుగా చేయమంది. బ్రేసు అందరికీ ఒకేలా పనిచేయదని, కానీ వేసుకున్న పిల్లల్నీ వేసుకోని పిల్లల్నీ పక్కపక్కన పెట్టి చూశారు కాబట్టి దానికే గట్టి రుజువుందని చెప్పింది. మొన్నటి ఎక్స్‌రేలో వంపు పెరగలేదు. శ్రావ్య రోజూ గంటలు రాసుకుంటోంది, నా రిజిస్టరులోనే.

ఒకటి దాచాను. పరిశోధన పేరిట మల్లయ్య చేత నేనూ మూడు వారాలు నా నడుము నొప్పికి సవరింపు చేయించుకున్నాను. ఇరవై మూడో మనిషిని, బాగుగాని మొదటివాణ్ని నేనే. నా పేరు మాత్రం రిజిస్టరులో ఎక్కించలేదు. ఇప్పుడు నాకూ నడుముకు ఒక బెల్టు.

ఆ బెల్టు సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. షెడ్డులోకి తొంగి చూడకుండా ఈ జన్మలో ఏ వైద్యానికీ పాస్ ముద్ర వేయను. మీ అందరికీ వంగి దండం పెట్టి చెప్పాల్సిన మాటే ఇది. బెల్టు వంగనివ్వడం లేదు.